పిడి నిలిచింది, బ్లేడు మారింది: కింగ్ క్యాంప్ జిలెట్ జీవితకథ

గడ్డం గీసుకోవడానికి ఒక్క కత్తి చాలునా, లేక నాలుగైదు కత్తులు ఉంచుకొని వంతులవారీగా వాడుకోవాలా అనే ప్రశ్న ఈనాటిది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డు నగరం కత్తుల తయారీకి పేరెన్నికగన్నది. అక్కడి పనివారు సంపన్నుల కోసం ఏడు క్షురకత్తులు అమర్చిన పెట్టెలు తయారుచేసేవారు. ఒక్కొక్క కత్తి వెన్నుమీద వారంలోని ఒక్కొక్క రోజు పేరు చెక్కి ఉండేది. ఆదివారపు కత్తి ఆదివారమే, సోమవారపు కత్తి సోమవారమే. ఒకరోజు పనిచేసిన కత్తికి ఆరు రోజుల విశ్రాంతినిస్తే పదును చెడకుండా ఉంటుందని ఆనాటివారి విశ్వాసం.

నిజానికి విశ్రాంతి తీసుకున్నంత మాత్రాన ఉక్కు తిరిగి పదునెక్కదు. అయితే ఏడు కత్తులు ఉన్నప్పుడు ఒక్కొక్కదానిపై పడే అరుగుదల ఏడవ వంతుకు తగ్గుతుంది. తడి పూర్తిగా ఆరే వ్యవధి దొరుకుతుంది కాబట్టి తుప్పు భయమూ తగ్గుతుంది. ఆ పాటి ప్రయోజనం ఉన్నమాట వాస్తవమే. కానీ ఏడు కత్తులు కొనగలిగినవారు ఎందరు? సామాన్యునికి ఒక్కటే కత్తి. దానికి తోడుగా ఒక తోలుపట్టా, ఒక సానరాయి. నిత్యం తోలుపై నూరుకోవాలి, అప్పుడప్పుడు రాయిపై సానపట్టించాలి. జాగ్రత్తపరుని చేతిలో ఆ ఒక్క కత్తే జీవితకాలం నిలిచి, తండ్రి తదనంతరం కొడుకు చేతికి వచ్చేది.

ఏడు కత్తుల సంపన్నుణ్ణీ, ఒక్క కత్తి సామాన్యుణ్ణీ ఒకే దారికి తెచ్చినవారు అమెరికా దేశస్థుడైన కింగ్ క్యాంప్ జిలెట్. ఆయన ఆలోచనలో పిడి ఒక్కటే, అది జీవితాంతం ఉంటుంది. మారేది బ్లేడు మాత్రమే. మొద్దుబారితే నూరవలసిన పని లేదు, పారవేసి మరొకటి వేసుకోవడమే. ఇంత చిన్న ఆలోచన ఆయనకు లోకమంతటా పేరు తెచ్చింది, అంతులేని ధనమూ తెచ్చింది. కానీ తన జీవితంలో అసలైన పనిగా ఆయన భావించినది మరొకటి ఉన్నది. దానిని మాత్రం ఎవరూ స్వీకరించలేదు.

అగ్నికి ఆహుతైన కొట్టు

జిలెట్ 1855 జనవరి 5వ తేదీన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫాండ్ డు లాక్ అనే పట్టణంలో జన్మించారు. కింగ్ అన్నది బిరుదు కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. క్యాంప్ అన్నది తల్లి పుట్టింటి పేరు. ఆయన పసితనంలోనే కుటుంబం షికాగో నగరానికి తరలివచ్చింది. తండ్రి జార్జి ఇనుప సామాన్ల వ్యాపారి. ఏ పరికరాన్ని చూసినా దానిని ఇంకా బాగుచేయవచ్చునా అని యోచించే స్వభావం ఆయనది. తల్లి ఫ్యానీ వంటకాలపై ప్రయోగాలు చేసి, వాటిని శ్రద్ధగా రాసిపెట్టుకునే గృహిణి. ఆమె కూర్చిన వంటల పుస్తకం 1887లో వెలువడి అమెరికాలో ఎన్నో ఇళ్లకు చేరింది. చేతిపనిలో చురుకుదనం, చేసినదానిని మెరుగుపరచాలనే తపన జిలెట్‌కు పుట్టింటి ఆస్తులుగానే లభించాయని చెప్పవచ్చు.

1871 అక్టోబరులో షికాగో నగరం ఘోరమైన అగ్నిప్రమాదానికి గురైంది. నగరంలో పెద్దభాగం బూడిదైపోయింది. జిలెట్ల వ్యాపారమూ ఆ మంటలలోనే నశించింది. అప్పటికి జిలెట్ వయస్సు పదహారేళ్లు. కుటుంబం న్యూయార్కు తరలిపోయింది. చదువు కొనసాగే వీలు లేక ఆ యువకుడు ఉపాధి వెతుక్కున్నారు. కొంతకాలానికే వ్యాపార సంస్థల తరఫున ఊరూరా తిరిగి సరుకు అమ్మే ప్రతినిధిగా మారారు. దాదాపు ముప్పై ఏళ్లు ఆయనకు అదే జీవనాధారమైంది.

తిరుగుతూనే ఉన్నా చేతులు ఊరకుండలేదు. అమ్మే వస్తువులకే ఏవో మార్పులు చేసి కొన్నింటికి పేటెంట్లు పొందారు. వాటివల్ల ఆయనకు చెప్పుకోదగిన ఆదాయం రాలేదు. 1890లో అట్లాంటా గేన్స్ అనే ఆమెను వివాహమాడారు. మరుసటి సంవత్సరం ఒక కుమారుడు కలిగాడు. ఆ దంపతులకు అతడొక్కడే సంతానం.

సీసామూత చెప్పిన పాఠం

1891 ప్రాంతంలో జిలెట్ బాల్టిమోర్ నగరానికి చెందిన సీసామూతల కంపెనీలో చేరారు. దాని వెనుక ఉన్న ప్రతిభావంతుడు విలియం పెయింటర్. శీతలపానీయాల సీసాలకు అంచులు మడిచి బిగించే రేకుమూత నేటికీ ప్రతి కిళ్లీకొట్టులోనూ కనిపిస్తుంది. దానిని కనిపెట్టినది పెయింటరే. 1892లో ఆయనకు ఆ పేటెంటు లభించింది. ఒకసారి ఊడదీసిన మూత మళ్లీ పనికిరాదు. సీసా ఎన్నిసార్లు నింపితే అన్ని కొత్త మూతలు కావాలి. కంపెనీకి నిత్యం ఆదాయం అక్కడినుంచే.

జిలెట్‌లోని పనితనాన్ని గమనించిన పెయింటర్ ఆయనకు ఒక సలహా ఇచ్చారు. జనం ఒకసారి వాడి పారవేసి, మళ్లీ కొనవలసిన వస్తువును దేనినైనా కనిపెట్టమన్నారు. ఆ మాట జిలెట్ మనస్సులో నాటుకుపోయింది. అక్షరమాల ముందు పెట్టుకొని, ఒక్కొక్క అక్షరంతో మొదలయ్యే నిత్యావసర వస్తువుల జాబితాలు రాసుకుంటూ పోయారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఏళ్లు గడిచాయి. ఏదీ పొసగలేదు.

ఒకే నగరం, ఒకే సంస్థ

ఈ అన్వేషణ సాగుతున్న రోజులలోనే ఆయన పుస్తకమొకటి రాశారు. 1894లో వెలువడిన ఆ గ్రంథం పేరు ది హ్యూమన్ డ్రిఫ్ట్. ఊరూరా తిరిగిన అమ్మకందారుకు ఒక సంగతి కళ్లకు కట్టినట్లు కనిపించింది. ఒకే వస్తువును పది కంపెనీలు తయారుచేస్తాయి. పదిమంది ప్రతినిధులు ఒకే వీధిలో పోటీపడి తిరుగుతారు. పది రకాల ప్రకటనలకు డబ్బు తగలేస్తారు. ఆ శ్రమంతా వృథా అనీ, లోకంలోని పేదరికానికి మూలం ఈ పోటీయేననీ ఆయన తీర్మానించుకున్నారు.

దానికి ఆయన చూపిన మార్గం విచిత్రమైనది. ఉత్పత్తి అంతా ప్రజలందరూ వాటాదారులైన ఒకే ఒక్క మహాసంస్థ చేతిలో ఉండాలి. జనమంతా ఒకే ఒక్క మహానగరంలో నివసించాలి. నయాగరా జలపాతం సమీపాన, పొడవు 135 మైళ్లు, వెడల్పు 45 మైళ్లు గల స్థలంలో సుమారు 6 కోట్లమందికి సరిపడే నగరాన్ని ఆయన కాగితంపై నిర్మించారు. జలపాతపు శక్తితోనే నగరానికి విద్యుత్తు. ఒకే తీరు బహుళ అంతస్తుల భవనాలు, సామూహిక భోజనశాలలు, ఉద్యానవనాలు. పోటీ ఉండదు, వృథా ఉండదు, ఆకలి ఉండదు.

పుస్తకాన్ని పట్టించుకున్నవారు కొద్దిమందే. అయినా ఇక్కడ ఆగి గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. వృథాను నిర్మూలించాలని గ్రంథం రాసిన మనిషే, వాడి పారవేయవలసిన వస్తువు కోసం రాత్రింబవళ్లు వెతుకుతున్నాడు. ఈ వైరుధ్యం ఆయన జీవితాంతం వెంట నడిచింది.

అద్దం ముందు మెరిసిన ఆలోచన

1895 వేసవిలో ఒక ఉదయం. బోస్టన్ నగరాన్ని ఆనుకొని ఉన్న బ్రూక్‌లైన్‌లో జిలెట్ నివసిస్తున్నారు. గడ్డం గీసుకోబోతే కత్తి తెగడం లేదు. తోలుపట్టాపై నూరితే పదునెక్కే దశ దాటిపోయింది. ఇక దానిని క్షురకుని దగ్గరకో, సానపట్టేవాని దగ్గరకో పంపవలసిందే. కత్తిని చేతిలో పట్టుకొని చూస్తూండగా ఆయనకు ఒక సంగతి స్ఫురించింది. ఇంత బరువైన ఉక్కులో గడ్డం గీసేది ఆ సన్నని అంచు మాత్రమే. మిగిలినదంతా ఆ అంచును మోయడానికే. అంచును విడదీసి, పలుచని ఉక్కురేకుతో చేసి, రెండు పలకల నడుమ బిగిస్తే సరిపోదా? అది మొద్దుబారితే తీసి పారవేయవచ్చు.

భార్య అప్పుడు ఒహాయో రాష్ట్రంలోని బంధువుల ఇంట ఉన్నారు. ఇక మన కష్టాలు తీరినట్లేనని ఆయన ఆమెకు ఉత్తరం రాశారు. అంగడికి వెళ్లి ఇత్తడి ముక్కలు, గడియారాల్లో వాడే ఉక్కుపట్టీ, ఆకురాయి కొనితెచ్చి, తొలి నమూనాకు ఉపక్రమించారు.

చర్మం తెగకుండా కాపాడే క్షురసాధనం అంతకుముందు లేదనుకోరాదు. పద్దెనిమిదవ శతాబ్దంలోనే ఫ్రాన్సు దేశపు జాన్ జాక్ పెరే కత్తికి కొయ్యకవచం తొడిగారు. 1880లో న్యూయార్కులోని కాంఫె సోదరులు పిడికి అడ్డంగా చిన్నకత్తిని బిగించే రేజరుకు పేటెంటు పొందారు. కానీ ఆ కత్తి మందమైనదే. దానినీ నిత్యం నూరుకోవలసిందే. జిలెట్ చేసిన మార్పు ఆ నూరుడును తొలగించడం.

సాధ్యం కాదన్నవారు, సాధించినవారు

కష్టాలు తీరినట్లేనని రాసిన ఉత్తరానికీ, తొలి రేజరు అమ్మకానికీ మధ్య ఎనిమిదేళ్లు గడిచాయి. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఆరు భాగాల మందం గల రేకుకు కత్తి పదును రావాలి. రేకును కాల్చి చల్లారిస్తే వంకరపోతుంది. కాల్చకపోతే పదును నిలవదు. బోస్టన్‌లోని కత్తుల తయారీదారులు, ఉక్కు పనివారు, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని లోహశాస్త్రజ్ఞులు ఇది జరిగే పని కాదని తేల్చారు. మిత్రులకు ఆయన రేజరు పరిహాసానికి వస్తువైంది. జిలెట్ మాత్రం ఉద్యోగం వదలకుండా, సంపాదించినదంతా ప్రయోగాలలో పోస్తూ వచ్చారు. తనకు సాంకేతిక విద్య ఉండి ఉంటే ఆనాడే ప్రయత్నం విరమించి ఉండేవాడినని ఆయన ఆ తరువాత ఒప్పుకున్నారు.

1901లో ఆయనకు విలియం ఎమెరీ నికర్సన్ తోడయ్యారు. నికర్సన్ ఆ సాంకేతిక విద్యాసంస్థలోనే చదివిన యంత్రనిపుణుడు. పలుచని రేకు వంకరపోకుండా గట్టిపరచే పద్ధతిని, రెండంచులనూ యంత్రంతో పదునుపెట్టే విధానాన్ని ఆయన సాధించారు. ఆలోచన జిలెట్‌దే అయినా, దానిని వస్తువుగా మార్చిన ఘనత నికర్సన్‌దే. కంపెనీకి ఆయన పేరు మాత్రం పెట్టలేదు. ఆయన పేరులోని తొలి శబ్దానికి ఇంగ్లీషులో గాటు అని అర్థం వస్తుంది. గడ్డం గీసే సాధనానికి ఆ పేరు ఎవరు కోరుకుంటారు? 1901 సెప్టెంబరులో నెలకొన్న సంస్థ మరుసటి ఏడు జిలెట్ పేరునే ధరించింది.

51 నుంచి 90 వేలకు

1903లో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ సంవత్సరం అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆయన స్థానంలో మరొకరు ఉంటే దుకాణం మూసివేసి ఉండేవారు. 1904లో రేజర్ల సంఖ్య 90,884కు పెరిగింది. బ్లేడ్లు లక్షా ఇరవై వేలు దాటాయి. ఆ ఏడాది నవంబరు 15న పేటెంటు కూడా చేతికి వచ్చింది.

రేజరు చవకగా ఇచ్చి బ్లేడుపై లాభం గుంజడం జిలెట్ కనిపెట్టిన కిటుకని వ్యాపార పాఠాలలో చెబుతూ ఉంటారు. వాస్తవం అది కాదు. తొలి రేజరు వెల 5 డాలర్లు. సామాన్య కార్మికుని వారం కూలిలో అది సగానికి దగ్గర. పేటెంటు అమలులో ఉన్నంతకాలం ఆ ధర దిగలేదు. 1921లో పేటెంటు గడువు తీరబోతున్న తరుణంలోనే పాత నమూనాను ఒక డాలరుకు దించి, మెరుగుపరచిన కొత్త నమూనాను 5 డాలర్లకు నిలిపారు. పిడిని ఇంటింటికీ చేర్చితే బ్లేడు అమ్మకం దానంతటదే సాగుతుందన్న పాఠం అప్పటికిగాని కంపెనీకి పూర్తిగా వంటబట్టలేదు.

బ్లేడు పొట్లంపై జిలెట్ ముఖచిత్రం, సంతకం ముద్రించేవారు. గిరజాల జుట్టు, దట్టమైన మీసం గల ఆ ముఖం దేశదేశాలు తిరిగింది. చదువు రానివారు కూడా ఆ బొమ్మను చూసి బ్లేడు గుర్తుపట్టగలిగేవారు. గడ్డం గీసే సాధనం అమ్మిన పెద్దమనిషి తన మీసాన్ని మాత్రం భద్రంగా కాపాడుకోవడం ఆ చిత్రంలోని చమత్కారం.

పేరు ఆయనది, పెత్తనం ఇతరులది

పేరు పెరిగినంతగా అధికారం నిలవలేదు. తొలినాళ్లలో డబ్బు లేక కంపెనీ కూలిపోయే స్థితికి వచ్చినప్పుడు, బోస్టన్ ధనికుడు జాన్ జాయిస్ పెట్టుబడి పెట్టి నిలబెట్టారు. ఆ సహాయానికి మూల్యంగా పెత్తనం క్రమంగా ఆయన చేతికి జారింది. ఇరువురికీ పొసగలేదు. 1910లో జిలెట్ తన వాటాలలో అధికభాగాన్ని సుమారు 9 లక్షల డాలర్లకు జాయిస్‌కు విక్రయించారు. అధ్యక్షపదవి మాత్రం మిగిలింది. పొట్లంపై బొమ్మ ఆయనది, లెక్కల పుస్తకం ఇతరులది.

జిలెట్ ఆ సొమ్మును చూసి విశ్రమించలేదు. అదే 1910లో ప్రపంచసంస్థ పేరుతో మరో పుస్తకం ప్రకటించారు. పాత కలను ఆచరణలో పెట్టేందుకు సంస్థను నెలకొల్పి, దానికి అధ్యక్షత వహించవలసిందిగా అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను అర్థించారు. నాలుగేళ్ల సేవకు పది లక్షల డాలర్లు ఇస్తామన్నారు. రూజ్‌వెల్ట్ అంగీకరించలేదు. ఆ సంస్థ పురిటిలోనే ఆగిపోయింది.

యుద్ధం మార్చిన అలవాటు

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా 1917లో ప్రవేశించింది. కందకాలలో విషవాయువు దాడుల భయం. ముఖానికి తగిలించే రక్షణ తొడుగు చర్మానికి అంటుకొని ఉండాలంటే గడ్డం ఉండరాదు. కందకంలో క్షురకుడు దొరకడు, కత్తి నూరుకునే తీరిక ఉండదు. అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు కొనుగోలు చేసింది.

యుద్ధం ముగిసి ఇళ్లకు చేరిన సైనికుల సంచులలో ఆ రేజర్లూ వచ్చాయి. ఇంటిలో అద్దం ముందు తన గడ్డం తానే గీసుకోవడం ఒక తరానికి అలవాటైపోయింది. అంతకుముందు వారానికి రెండుమూడుసార్లు క్షౌరశాలకు వెళ్లినవారు ఇప్పుడు జుట్టు కత్తిరింపుకు మాత్రమే వెళ్లసాగారు. ఒకరికి సౌకర్యమైనది మరొకరి జీవనోపాధికి కోత అయింది.

తోలుపట్టా గెలిచిన రోజు

బ్లేడును పారవేయడం అందరికీ నచ్చలేదు. అటువంటివారి పక్షాన నిలిచినవారు హెన్రీ గైస్‌మన్. ఆటోస్ట్రాప్ పేరుతో ఆయన తయారుచేసిన రేజరులో తోలుపట్టాను రేజరు గుండానే దూర్చి, అటూ ఇటూ లాగి, బ్లేడును అక్కడికక్కడే నూరుకోవచ్చు. ఒక్క బ్లేడును నమ్ముకొని చాలాకాలం వాడుకోదలచినవారికి అది అనువైన సాధనం. రోజుకొక కత్తి, జీవితానికి ఒక కత్తి అన్న పాత వాదమే ఇప్పుడు రెండు కంపెనీల పోటీగా రూపుదాల్చింది.

1920ల చివర ఈ పోటీ న్యాయస్థానం దాకా వెళ్లింది. జిలెట్ కంపెనీ విడుదల చేసిన కొత్త బ్లేడు తన పేటెంటును అతిక్రమించినదని గైస్‌మన్ అభియోగం. చివరకు 1930లో రెండు సంస్థలూ విలీనమయ్యాయి. ఆ సందర్భంలో లెక్కలు తనిఖీ చేయగా, జిలెట్ కంపెనీ నిర్వాహకులు కొన్నేళ్లుగా లాభాలను ఎక్కువచేసి చూపినట్లు బయటపడింది. వాటాల ధర కుప్పకూలింది. పగ్గాలు గైస్‌మన్ చేతికి వెళ్లాయి. పారవేసే బ్లేడుతో ఎదిగిన సంస్థకు, బ్లేడు నూరుకోమన్న వ్యక్తి అధిపతి అయ్యారు.

ఈ సంఘర్షణ గుర్తు నేటికీ బ్లేడుపై ఉన్నది. జిలెట్ తొలి బ్లేడుకు నడుమ మూడు గుండ్రని రంధ్రాలు ఉండేవి. ఇప్పటి రెండంచుల బ్లేడు మధ్యలో కనిపించే పొడవాటి చీలిక, ఆ తగవు కాలంలో పాత రంధ్రాల స్థానంలోకి వచ్చినదే.

చివరి రోజులు

జిలెట్ చాలాకాలం క్రితమే కాలిఫోర్నియాకు మకాం మార్చారు. భూములు, భవనాలు సమకూర్చుకున్నారు. లాస్ ఏంజెలెస్‌కు సమీపాన కాలబాసస్‌లో 1920ల చివర ఒక విశాలమైన భవనం కట్టించారు. ఇంత ఐశ్వర్యం మధ్యలోనూ పాత కల వదలలేదు. సుప్రసిద్ధ రచయిత అప్టన్ సింక్లెయిర్ సహకారంతో 1924లో ప్రజాసంస్థ అనే అర్థం వచ్చే పేరుతో మరో గ్రంథం వెలువరించారు. ముప్పై ఏళ్ల క్రితం రాసిన మాటనే మరింత పరిణతితో చెప్పారు. లోకం అప్పుడూ వినలేదు.

1929లో స్టాకు మార్కెట్టు పతనమైంది. మరుసటి ఏడు కంపెనీ వాటాలు దిగజారాయి. ఈ రెండు దెబ్బలకూ ఆయన ఆస్తి చాలావరకు కరిగిపోయింది. 1931లో అధ్యక్షపదవి నుంచి తప్పుకున్నారు. 1932 జూలై 9న, 77 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. కాలబాసస్‌లోని ఆయన ఎస్టేటు ఇప్పుడు ప్రజలందరూ స్వేచ్ఛగా తిరుగాడే ఉద్యానవనం. సంపద అందరిదీ కావాలని కోరిన మనిషి ఆస్తులలో చివరకు ఆ ఒక్కటైనా అందరిదీ అయింది. ఆయన పేరు మోసిన కంపెనీని 2005లో మరో పెద్ద సంస్థ కొనుగోలు చేసింది.

వెంట్రుక గెలుపు

మరి ఏడు కత్తుల పెట్టె లేవనెత్తిన ప్రశ్నకు సమాధానమేమిటి? ఉక్కుకన్నా ఎంతో మెత్తనైన వెంట్రుక బ్లేడును ఎలా మొద్దుబార్చగలదో 2020లో ఒక పరిశోధన తేల్చింది. వెంట్రుక వంగి, బ్లేడు అంచులోని బలహీనమైన చోట పక్కనుంచి తాకినప్పుడు, అక్కడ ఉక్కు కంటికి కనిపించనంత చిన్న ముక్కగా పెచ్చులూడుతుంది. కొంతకాలానికి అంచంతా గతుకులమయమవుతుంది. ఈ పరిశోధన చేసినది, ఒకనాడు జిలెట్‌కు ఇది జరగని పని అని చెప్పిన సాంకేతిక విద్యాసంస్థయే. ఊడిపోయిన పెచ్చు విశ్రాంతితో తిరిగిరాదు. కత్తులు ఎన్ని మార్చి వాడినా, ఒక్కదాన్నే నమ్ముకున్నా, అంచు అరిగే తీరుతుంది. నూరుకోవడమో, మార్చుకోవడమో తప్పదు. చేయికి అలవాటైన పిడిని మాత్రం మార్చవలసిన అవసరం లేదు.

మన పల్లెలలోనూ ఆ మార్పు ఆలస్యంగానైనా వచ్చింది. పంట నూర్పిళ్లప్పుడు కళ్లంలో మేర కొలిపించుకొని, ఏడాది పొడవునా ఊరివారికి క్షౌరం చేసిన నాయీబ్రాహ్మణుని పొదిలో కత్తి, తోలుపట్టా, సానరాయి ఉండేవి. ఊరంతటికీ ఆ కత్తే. రక్తం ద్వారా వ్యాపించే రోగాల గురించి 1990ల నుంచి ప్రచారం పెరిగాక, రెండంచుల బ్లేడును నిలువునా రెండుగా విరిచి, సగాన్ని మడతకత్తిలో బిగించి వాడే పద్ధతి ఊరూరా వ్యాపించింది. ఒక మనిషికి ఒక ముక్క. పని కాగానే అది చెత్తలోకి, కత్తి మళ్లీ బల్లమీదికి. సరిహద్దుకు ఇవతల తెలుగులోనూ, అవతల కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలోనూ ఆ రేకుకు బ్లేడు అన్నదే పేరు.

అయితే పారవేసే సౌకర్యానికి మూల్యమూ ఉన్నది. పెంటకుప్పపై విసిరిన బ్లేడు పశువు నోటికీ, పసివాని పాదానికీ గండమే. వాడిన బ్లేడును కాగితంలో చుట్టి, మూత ఉన్న రేకుడబ్బాలో వేసి ఉంచడం ప్రతి ఇంటా పాటించవలసిన జాగ్రత్త. పారవేయడం నేర్పిన జిలెట్, పారవేసిన దానిని ఏమి చేయాలో నేర్పలేదు.

జిలెట్ తన జీవితాన్ని తానే తూకం వేసి ఉంటే, రేజరును ఒకపక్క, మహానగరపు కలను మరొకపక్క పెట్టి, కలవైపే మొగ్గేవారేమో. వృత్తులు మారాయి, ఊళ్లు మారాయి, సంపద వచ్చి పోయింది. మనుషుల మధ్య పోటీ తగ్గి ఎవరూ ఆకలితో ఉండరాదన్న ఒక్క తలంపు మాత్రం 1894 నుంచి చివరిదాకా మారలేదు. లోకం ఆయన దగ్గర బ్లేడును తీసుకొని, ఆ తలంపును ఆయనకే వదిలివేసింది. ఆయన చేతిలో అదే పిడి. దానిని ఆయన చివరిదాకా విడువలేదు.